కార్పొరేషనుతో కాపురం: మైలాపూరు చిట్కాలు

సౌత్ మాడ వీధిలో వంకాయల దగ్గర ఐదు రూపాయలకి పావుగంట బేరమాడతాం. అదే ఇంటిముందు మురుగు పొంగితే, ఎవరికి చెప్పాలో తెలీక చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని దాటేసి పోతాం! పన్ను కట్టేదీ మనమే, కంపు భరించేదీ మనమే. వార్డు పనుల్లో చెయ్యి పెట్టడానికి ఈ ఊళ్ళో బోలెడు దారులున్నాయి, చాలావాటికి పైసా ఖర్చు లేదు. నేను చేసి చూసినవీ, ఇరుగుపొరుగు చేయగా చూసినవీ రాస్తున్నాను. మీకు వీలైనవి అందుకోండి.

1. ముందు మీ వార్డు నంబరు తెలుసుకోండి. ఆస్తిపన్ను రసీదు మీద జోను, డివిజను (అంటే వార్డు) నంబర్లు ఉంటాయి. మన మైలాపూరు తేనాంపేట జోను, అంటే 9వది. అద్దెకున్నవాళ్ళు ఇంటివాళ్ళ రసీదుని ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంటే సరి.

2. ఏ పని ఎవరిదో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. చెత్త, రోడ్డు, వీధిదీపం, వాననీటి కాలువ, దోమలు, వీధికుక్కలు కార్పొరేషనువి; కుళాయి నీళ్ళు, మురుగునీటి పైపులు మెట్రో వాటర్‌వి; తీగలు, కరెంటు స్తంభాల పెట్టెలు కరెంటాఫీసువి. ఈ ఒక్క కాగితంతో సగం తిరుగుడు తప్పుతుంది.

3. కార్పొరేషను ఫోను నంబరు 1913. కార్పొరేషను ఆఫీసున్న రిపన్ భవనం తెరిచిన ఏడాది కూడా 1913 కాబట్టి మరిచిపోయే ప్రసక్తే లేదు.

4. మెట్రో వాటర్ 4567 4567, కరెంటుకి ‘మిన్నగం’ 94987 94987. రెండూ ఒకే ముక్క రెండుసార్లు చెప్పినట్టుంటాయి, అత్తగారికి కూడా నోటికొస్తాయి.

5. ఫిర్యాదు చేయగానే వాళ్ళిచ్చే నంబరుని క్యాలెండరులో ఆ తేదీ గడిలోనే రాయండి. రెండోసారి ఫోను చేసినప్పుడు కథంతా మొదటినుంచీ చెప్పక్కర్లేదు, నంబరు చెబితే చాలు.

6. ‘నమ్మ చెన్నై’ యాప్‌లో ఫోటో పెట్టేటప్పుడు రెండు తీయండి: గుంతని దగ్గరనుంచి ఒకటి, పక్కనున్న కొట్టు బోర్డో డోరు నంబరో కనబడేలా ఇంకొకటి. ‘చోటు దొరకలేదు’ అనే జవాబు రాదు.

7. ఒక ఫిర్యాదులో ఒకటే సంగతి రాయండి. దీపం, కుక్కలు, చెత్త కలిపి రాస్తే దీపం వెలిగించి మొత్తం ఫిర్యాదుని మూసేస్తారు.

8. ‘పక్కింటావిడ చెప్పే ఉంటుందిలే’ అనుకోకండి, ఆవిడా అలాగే అనుకుంటుంది! నాలుగిళ్ళవాళ్ళు విడివిడిగా ఫోను చేస్తే ఆ పనికి ఉండే వేగమే వేరు.

9. అర్జీ తమిళంలో ఉంటే బల్ల మీదినుంచి త్వరగా కదులుతుంది. మాట్లాడటం వచ్చినా రాయడం రాని మనలాంటివాళ్ళకి ఇంట్లో పిల్లలున్నారుగా. 2006 చట్టం వచ్చాక బళ్ళో అందరూ తమిళం నేర్చుకుంటున్నారు. రాసిపెట్టినందుకు ఒక ఐస్‌క్రీము ఇవ్వండి, వాళ్ళకీ వార్డు సంగతులు తెలుస్తాయి.

10. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద తేదీతో సహా సీలు కొట్టించుకోండి; ఆ సీలు లేని కాగితం ఇచ్చినా ఒకటే, ఇవ్వకపోయినా ఒకటే.

11. కౌన్సిలరుగారి దగ్గరికి ఒక్కరే వెళ్ళొద్దు, గుంపుగానూ వెళ్ళొద్దు. ఇద్దరో ముగ్గురో పొద్దున్నే వెళ్ళి, కావలసింది మొదటి మాటలోనే చెప్పండి. వెనకటి కథ ఆయనో ఆవిడో అడిగితే చెప్పొచ్చు.

12. కౌన్సిలరుని ఎంత బాగా తెలుసుకుంటారో వార్డు ఇంజినీరునీ, శానిటరీ ఇన్‌స్పెక్టరునీ అంతే బాగా తెలుసుకోండి. రోజూ పని చేయించేది వాళ్ళే. పని జరిగినప్పుడు ‘థాంక్స్ అండీ’ అని ఒక మెసేజి పెట్టండి, వాళ్ళకి తిట్లు తప్ప ఏవీ రావు పాపం.

ఇప్పుడు అసలు సంగతి, ఏరియా సభ. దీని గురించి మన ఫ్లాట్లలో సగంమందికి తెలీదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

13. పల్లెల్లో గ్రామసభ ఉన్నట్టే మనకి ఏరియా సభ ఉంది. తమిళనాడు పట్టణాల్లో 2022 నవంబరు 1న, స్థానిక సంస్థల దినం నాడు మొదలైంది. చెన్నైలో 200 వార్డులు, ఒక్కో వార్డులో పది ఏరియాలు. అంటే మీ సభలో కూర్చునేది మీ నాలుగైదు వీధులవాళ్ళే, భయపడాల్సిందేం లేదు. అక్కడ ఓటరైతే చాలు, మీకు మాట్లాడే హక్కుంది.

14. సభ ఎప్పుడో మనింటికొచ్చి ఎవరూ చెప్పరు. మూడు నెలలకోసారి వార్డు ఆఫీసులో కనుక్కుని, తెలియగానే ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో వేయండి. ‘గుడ్ మార్నింగ్’ పువ్వుల మధ్య అదొక్కటైనా పనికొచ్చే మెసేజి.

15. కాస్త ముందే వెళ్ళి ముందు వరుసలో కూర్చోండి. ఆలస్యమైతే ఆ కుర్చీల్లో పార్టీ కండువాలుంటాయి, మైకు మన దాకా రాదు.

16. చెప్పేది రెండు నిమిషాల్లో ముగించండి: వీధి పేరు, ఏం చెడింది, ఏం కావాలి. ‘ఏళ్ళ తరబడి ఇంతే’ అంటూ మొదలుపెడితే వినేవాళ్ళు గడియారం చూస్తారు.

17. నోటితో చెప్పిన సంగతినే కాగితం మీదా ఇచ్చి, మినిట్స్‌లో రాయించండి. తర్వాతి సభలో మొదటి ప్రశ్న ‘పోయినసారి రాసుకున్నవి ఏమయ్యాయి?’ అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడిగేవాళ్ళు ఉన్న ఏరియాలో పనులు వేరేగా జరుగుతాయి, చూసే చెబుతున్నాను.

18. మన తమిళంలో తెలుగు యాస ఉందని మొగమాటపడకండి. త్యాగరాయ నగర్ ఎవరి పేరు? మద్రాసు కార్పొరేషనుకి ఎన్నికైన మొదటి అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగింటివారే! 1688లో పుట్టిన ఈ కార్పొరేషను మన దేశంలోకెల్లా పాతది, అందులో మనవాళ్ళూ పాతవాళ్ళే.

19. ఒక్కో ఏరియా నుంచి ఒకరిని వార్డు కమిటీలోకి తీసుకుంటారు, కౌన్సిలరు దానికి అధ్యక్షులు. మధ్యాహ్నాలు ఖాళీ ఉన్నవాళ్ళు, రిటైరైన టీచరమ్మలు, బ్యాంకువాళ్ళు ‘నాకు ఇష్టమే’ అని ముందుగా రాసివ్వండి. అడగకపోతే ఎవరి బావమరిదో వస్తాడు.

20. మెట్రో వాటర్ ఏరియా ఆఫీసుల్లో ప్రతి నెలా రెండో శనివారం పొద్దున 10 నుంచి 1 దాకా ఓపెన్ హౌస్ ఉంటుంది. నీటి పన్ను బిల్లులో తప్పులు, కొత్త కనెక్షను చిక్కులు అక్కడ ఇంజినీర్ల ఎదుటే తేల్చుకోవచ్చు. బిల్లు, పాత రసీదు చేతిలో ఉండాలి సుమా.

21. రోడ్డు వేస్తారని తెలిస్తే పాత తారు గీకాకే కొత్తది పొయ్యమని పట్టుబట్టండి. వాళ్ళు దాన్ని మిల్లింగ్ అంటారు, ఆ మాటే వాడండి. మన మాడ వీధుల పక్క సందుల్లో పాత ఇళ్ళు చూడండి: ఒకప్పుడు అరుగెక్కడానికి మెట్లుండేవి, ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగాలి. వానొస్తే నీళ్ళు నేరుగా హాల్లోకే. పనివాళ్ళు రాకముందే గుమ్మం పక్క గోడ మీద రోడ్డు మట్టం దగ్గర రంగుతో గీత గీసి, స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి. రోడ్డు వేశాక గీత కనబడకపోతే ఆ ఫోటోయే మీ వకీలు.

22. సమాచార హక్కు దరఖాస్తుకి ఖర్చు పది రూపాయలు, కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోతుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. ‘ఎందుకు వేయలేదు?’ అని అడగొద్దు. ‘ఫలానా వీధికి ఎంత మంజూరైంది, కాంట్రాక్టరెవరు, పని ఎప్పటికి పూర్తవ్వాలి?’ అని కాగితాల్లో దొరికేదే అడగండి.

23. అదే సమాచార హక్కు చట్టం (2005) కింద జరుగుతున్న పనిని వెళ్ళి చూడొచ్చు, వాడిన సామగ్రి నమూనా కూడా అడగొచ్చు. మెట్రో తవ్వకాలతో లజ్ చుట్టూ ఫుట్‌పాతులు మళ్ళీ మళ్ళీ వేస్తున్న ఈ రోజుల్లో ఇది గుర్తుంచుకోదగ్గ సంగతి.

24. కాలువల పూడిక గురించి జులై, ఆగస్టుల్లోనే అడగండి. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం దిగాక అందరూ ఫోను చేస్తారు, లైను దొరకదు.

25. పూడిక తీశారని సంబరపడి లోపలికి వెళ్ళిపోకండి. తీసిన బురదని ఆరాలని కాలువ పక్కనే పోస్తారు. రెండు రోజుల్లో ఎత్తించకపోతే ఒక్క జల్లుకి ఉన్నదంతా మళ్ళీ లోపలికే. కుప్ప కనబడగానే 1913కి చెప్పండి.

26. వాననీటి జాలీల మీద ఆకులు, ప్లాస్టిక్ కవర్లు పేరుకుంటే చీపురు కట్టెతో పక్కకి లాగండి, ఐదు నిమిషాల పని. జాలీ పైభాగం వరకే సుమా. మూత ఎత్తడం, లోపలికి దిగడం వద్దే వద్దు, అది మన పని కాదు.

27. 2003లో ఈ రాష్ట్రంలో ప్రతి ఇంటికీ ఇంకుడు గుంత తప్పనిసరి చేశారు. అప్పుడు తవ్వినవాటిలో చాలావి ఇప్పుడు మట్టితో నిండి ఉత్త గుంతలే! సెప్టెంబరులో మేడ మీద పైపు మూతి దగ్గర ఆకులు తీసి, గుంతలో గులకరాళ్ళు పైకి తీసి కడిగి మళ్ళీ వేయండి. మనది సముద్రం దగ్గరి ఇసుక నేల, నీళ్ళు ఇట్టే ఇంకుతాయి. వేసవిలో లారీ నీళ్ళ ఖర్చు తగ్గడం మీరే చూస్తారు.

28. ఎలా చేయాలో తెలీకపోతే మందవెళిలో 2002 నుంచి రెయిన్ సెంటర్ ఉంది, నమూనాలు చూపించి చెబుతారు. నేర్చుకున్నవాళ్ళు పక్క ఫ్లాట్లకీ చెబితే అదే పెద్ద సేవ.

29. దోమల తనిఖీకి వచ్చే కార్పొరేషను అమ్మాయిలని గేటు దగ్గరే పంపేయకండి. లోపలికి పిలిచి మంచినీళ్ళిచ్చి, ఓవర్‌హెడ్ ట్యాంకు, బావి, ఫ్రిజ్ వెనక ట్రే చూపించండి. మన కళ్ళకి కనబడని పురుగు వాళ్ళకి కనబడుతుంది, డాక్టరు ఖర్చు మిగులుతుంది.

30. తడి చెత్త ఆకుపచ్చ బుట్టలో, పొడి చెత్త నీలం బుట్టలో, పాత బ్యాటరీలు, గడువు దాటిన మందులు ఎర్రదాంట్లో. గాజుపెంకుల్ని పేపర్లో చుట్టి పైన పెన్నుతో రాయండి, చెత్త తీసుకెళ్ళేవాళ్ళ చేతులు కోసుకోవు.

31. మెట్లకొకరు చొప్పున ఫ్లాట్లలో చెత్త బాధ్యత పంచుకోండి. కొత్తగా దిగినవాళ్ళకి మొదటిరోజే చెప్పేస్తే తర్వాత పోట్లాటలుండవు.

32. భోగిమంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ చాపలు వేయొద్దు. భోగికి ముందు రోజుల్లో పాత సామాన్లు కార్పొరేషను వాళ్ళే తీసుకెళతారు, పోగేసి ఇచ్చేయండి. మంటకి నాలుగు పిడకలు చాలు, పిల్లలకి దగ్గులుండవు.

33. పాత సోఫా, పరుపు వీధి మూలన రాత్రిపూట వదిలి రావొద్దు. పెద్ద సామాన్లని శనివారాల్లో వచ్చి తీసుకెళ్ళే ఏర్పాటు 2025లో మొదలైంది, ముందుగా ఫోను చేసి చెప్పుకోండి. ఆటో బాడుగ మిగిలింది.

34. ఫంగుని ఉత్సవాల్లో అరుబత్తుమూవర్ రోజున కపాలీశ్వరుడి మాడ వీధుల్లో అడుగడుగునా పానకం, మజ్జిగ, పులిహోర పంచుతారు. పంచే పుణ్యం అందరికీ కావాలి, ఎంగిలి దొప్పలు ఎత్తేవాళ్ళు మాత్రం దొరకరు! మీ పందిరి పక్కనే రెండు పెద్ద గోనెసంచులు కట్టి, ఇద్దరు కుర్రాళ్ళని అక్కడే నిలబెట్టండి. ప్లాస్టిక్ గ్లాసులు 2019 జనవరి 1 నుంచి ఈ రాష్ట్రంలో నిషిద్ధం, ఆకు దొప్పలు వాడితే గోలే లేదు.

35. కోనేటిలో పూలు, కవర్లు వేయకుండా చూడ్డానికి పండగ రోజుల్లో ఒక గంట మెట్ల దగ్గర నిలబడటం కూడా సేవే. చిత్రకుళం దగ్గర ఉన్నవాళ్ళు అక్కడే చేయొచ్చు, బస్సు ఛార్జీ కూడా అక్కర్లేదు.

36. ఆస్తిపన్ను ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ ఆ నెల దాటకుండా కట్టండి: 5 శాతం తగ్గింపు, 5,000 రూపాయల దాకా. ఆలస్యమైతే నెలకి 1 శాతం వడ్డీ. అపార్టుమెంటులో పెద్దవాళ్ళకి ఆన్‌లైనులో కట్టిపెట్టి రసీదు అచ్చుతీసి ఇవ్వండి, మీకు ఆశీర్వాదాలు, వాళ్ళకి డబ్బులు.

37. ఆ పన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, రూపాయికి పది పైసలు. డబ్బిచ్చి సరుకు తెచ్చుకోకపోతే ఎలా? లైబ్రరీలో చేరండి, అక్కడి పాఠకుల సంఘంలో కూర్చుని తెలుగు పుస్తకాలు తెప్పించమని అడగండి.

38. కార్పొరేషను బడుల్లో స్కూలు మేనేజ్‌మెంట్ కమిటీలుంటాయి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో ముప్పాతిక మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళే ఉండాలి. మీ పనిమనిషి పిల్లలు అక్కడ చదువుతుంటే ఆవిణ్ణి మీటింగుకి పంపండి, ఆ పూట అంట్లు మీరే తోముకోండి.

39. సాయంత్రం గంటసేపు నలుగురు పిల్లలకి లెక్కలు చెప్పండి, చదివిన చదువు తుప్పు పట్టదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1937లో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టింది మన మైలాపూర్లోనే. ఆరంభం ఏమిటనుకున్నారు, చుట్టుపక్కల ఆడవాళ్ళని బెనారస్ మెట్రిక్ పరీక్షకి చదివించడం.

40. అమృతాంజనం నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న లజ్ పార్కుకి రోజూ వెళ్ళేవాళ్ళు పదిమంది ఒక జట్టు కట్టండి. విరిగిన బల్ల, వెలగని దీపం, ఎండిన మొక్క, ఏది కనబడినా అదేరోజు చెప్పేయడమే పని. ఆ పార్కు బాగోగులు ఒక ప్రైవేటు కంపెనీ, సుందరం ఫైనాన్స్, చూసుకుంటోంది. మీ సందులోని చిన్న పార్కునీ అలా ఎవరైనా దత్తత తీసుకుంటారేమో అడగండి.

41. ‘నమక్కు నామే’ పథకంలో పని ఖర్చులో మూడో వంతు మనం పోగేస్తే మిగతాది ప్రభుత్వం వేస్తుంది. వీధిలో ఇళ్ళు ఎక్కువుంటే తలా కొంచెమే పడుతుంది, చందా పుస్తకం మాత్రం ఎవరైనా లెక్క తెలిసిన ఆడవాళ్ళ చేతిలో పెట్టండి.

42. మాడ వీధుల్లో పూలమ్మే, కూరలమ్మే వాళ్ళకోసం 2014 చట్టం ఉంది. వాళ్ళకి గుర్తింపు కార్డు, వీధి వ్యాపారాల కమిటీలో నూటికి 40 వంతుల చోటు ఉంటాయి. మీ పూలమ్మికి కార్డు ఉందో లేదో అడిగి, లేకపోతే కాగితాలు నింపడంలో సాయం చేయండి. ఆవిడ లెక్కలేసుకోవడంలో మనకంటే గట్టిది, ఫారాల దగ్గరే తడబడుతుంది.

43. ఆగస్టు 22 మద్రాసు దినం, జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పొద్దున చల్లగా ఉండగానే మన పిల్లల్ని నడిపించుకెళ్ళి, 1937 నవంబరు 16న ఒప్పందం జరిగిన శ్రీబాగ్ ఉన్న లజ్ చర్చి రోడ్డూ, రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారు 1952లో ప్రాణం విడిచిన ఇల్లూ చూపించండి. దారిలో పగిలిన ఫుట్‌పాతుల ఫోటోలు పిల్లలచేతే తీయిస్తే ఒక దెబ్బకి రెండు పిట్టలు.

44. ఓటర్ల జాబితా కోసం ఇల్లు మారితే ఫారం 8, పద్దెనిమిది నిండితే ఫారం 6. అనుమానముంటే 1950కి ఫోను చేయండి. కార్పొరేషను ఎన్నికకీ ఆ జాబితాయే ఆధారం, రోజుముందు వెతుక్కుంటే పేరుండదు.

45. జనగణన వాళ్ళు మాతృభాష అడిగితే తెలుగని గట్టిగా చెప్పండి. తమిళంలో మాట్లాడుతున్నాం కదా అని వాళ్ళే రాసేసుకోకుండా ఫారం వైపు ఒక కన్నేసి ఉంచండి.

46. ఓటు వేయండి, వేయించండి. 2016 అక్టోబరు తర్వాత 2022 దాకా మనకి కౌన్సిలరే లేరు, అధికారులే నడిపారు. అంత ఎదురుచూశాక 2022 ఫిబ్రవరి 19న ఎన్నిక వస్తే చెన్నైలో నూటికి 44 మంది కూడా వేయలేదు! వార్డులో కొద్ది ఓట్లే అటూ ఇటూ చేస్తాయి, మన మెట్లవాళ్ళందరినీ ఒకే ఆటోలో తీసుకెళితే బాడుగా తక్కువే.

47. ఆఖరుగా, మీరే ఎందుకు నిలబడకూడదు? సగం వార్డులు ఆడవాళ్ళకే. 28 ఏళ్ళ ప్రియగారు 2022లో మేయరయ్యారు. 21 నిండిన ఓటరైతే చాలు, పోయిన ఎన్నికలో డిపాజిట్టు నాలుగు వేలు, మంచి పట్టుచీరకి కూడా రాదు. ఈ కౌన్సిలు గడువు 2027 మార్చితో ముగుస్తుంది. మన వీధినుంచి ఎవరైనా నామినేషను వేస్తే చెప్పండి, ఇంటింటికీ తిరగడానికి నేనొస్తాను.